పుస్తెలతాడుకు కట్టుకున్న తాళంచెవి

రిటైరైన డాక్టర్లను పిలిచి నాలుగు మాటలు చెప్పమనడం ఇప్పుడొక ఆనవాయితీ అయింది. శాలువా కప్పుతారు, మైకు చేతికిస్తారు, నాలుగో మాట దగ్గరికి రాకముందే వాచీ చూపిస్తారు. మొన్న ఖమ్మంలో అట్లాంటి సభలోనే ఒక కుర్ర డాక్టరు లేచి అడిగాడు. "మేడమ్, పెరిగే పిల్లల దవడ సరిచేయడానికి మీ అనుభవంలో అన్నిటికన్నా మంచి పరికరం ఏది?" నేను గొంతు సవరించుకున్నాను. ఎముక, వయసు అంటూ పుస్తకంలో ఉన్నదేదో అప్పజెప్పి దిగిపోయాను. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసింది. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. నిలబడి చెప్పే జవాబు కాదు, అంతే. అందుకే రాస్తున్నాను. తీరిక ఉంటే చదవండి, లేదంటే మీ పేషెంట్లను చూసుకోండి, నేనేమీ అనుకోను.

నా ఉద్యోగం ఖమ్మంలోనే. వంకర పళ్లు, ఎదుగుదల తప్పిన దవడలు చూసే డాక్టర్ని. గురువారాలు మాత్రం తెల్లారకముందే బస్సెక్కి భద్రాచలం దగ్గర ఒక మిషన్ దవాఖానాకు వెళ్లేదాన్ని. అడవి ఊళ్ల నుంచి, గోదావరికి ఇవతలి బూర్గంపాడు వైపు నుంచి జనం అక్కడికి వచ్చేవాళ్లు. పళ్ల విభాగం అంటే రెండు గదులు, ఒక కుర్చీ, ముగ్గురం మనుషులం. నేను, ఒక నర్సు, ఒక టెక్నీషియన్.

నర్సు మధిర వైపు మనిషి. అందరం సిస్టర్ అనేవాళ్లం. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, కానీ ముందు నోరే బయటికొచ్చేది. పళ్లు తోముకోకుండా వచ్చిన వాళ్లను ఆవిడ తిట్టే తిట్లకు వరండాలో కూర్చున్న వాళ్లు కూడా లేచి పుక్కిలించి వచ్చేవారు. టెక్నీషియన్ వేరే రకం. క్లిప్పులు, పళ్ల సెట్లు, తీగల పని అంతా ఆయనదే. చేతులు ఎంత సూక్ష్మంగా పని చేసేవో మాటలు అంత మోటుగా ఉండేవి. ప్రతి పేషెంటుతో పరాచికాలే. ఆయన పరాచికం ఒకటి ఈ కథలో పెద్ద పని చేసింది, అందుకని ముందే చెప్పి పెడుతున్నాను.

ఒక వానాకాలం గురువారం ఒక తల్లి, కూతురు వచ్చారు. పిల్ల అయిదో తరగతి. తల్లికి ముప్పై అయిదు దాటి ఉండవు. తల చుట్టూ స్కార్ఫు బిగించి కట్టుకుంది, కనుబొమలు పలచగా ఉన్నాయి. బూర్గంపాడు దగ్గర ఊరు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. భర్త మిరప, పత్తి వేస్తాడు.

"మేడమ్, దీనికి గదుమ పక్కకు పోతున్నది. నవ్వితే ఇంకా పోతది. బడిలో ఫోటో దిగమంటే దిగదు," అంది తల్లి.

"నవ్వు చూద్దాం," అన్నాను పిల్లతో.

పిల్ల నవ్వలేదు. నా వెనక నిలబడ్డ టెక్నీషియన్ తన కట్టుడు పన్ను ఒకటి నాలుకతో బయటికి తోసి లోపలికి లాగాడు. పిల్ల ఫక్కున నవ్వింది. గదుమ ఎడమ పక్కకు జరిగింది.

విషయం పెద్ద చిక్కేమీ కాదు, అప్పటికి. పిల్ల చిన్నప్పటి నుంచి నోటితో గాలి పీలుస్తుంది. పై దవడ ఇరుకుగా పెరిగింది. పై పళ్లు, కింది పళ్లు కుదురుగా కలవక, నమిలే ప్రతిసారీ కింది దవడ ఒక పక్కకు జారి కూర్చుంటుంది. అట్లాగే వదిలేస్తే పక్కకు జారిన దవడ పక్కకే పెరుగుతుంది. పెద్దయ్యాక మొహమే వంకర. అప్పుడిక ఎముక కోసే ఆపరేషన్ తప్ప దారి లేదు. కానీ ఆ వయసులో అంగిలి మధ్యన ఉండే అతుకు ఇంకా మెత్తగానే ఉంటుంది. ఇప్పుడే పై దవడను వెడల్పు చేస్తే కింది దవడ దానంతట అదే మధ్యకు వచ్చి సరిగ్గా పెరుగుతుంది. చేయాల్సిందేదో ఆ ఏడాది, రెండేళ్లలోనే చేయాలి.

బల్ల మీద సున్నపు అచ్చు పోసిన మూడు దవడ నమూనాలు పెట్టాను. ఒకదాని మీద తీసి పెట్టుకునే ప్లేటు. రెండోదాని మీద స్క్రూ. అంటే పళ్లకు అతికించే పరికరం, మధ్యలో చిన్న మర. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ సాయంత్రం ఒక చిన్న తాళంచెవితో ఆ మరను ఒక తిప్పు తిప్పాలి. మూడోదాని మీద స్ప్రింగు. అదీ అతికించేదే, కానీ ఇంట్లో ఎవరూ ఏమీ చేయక్కర్లేదు, నెలకోసారి వస్తే నేనే బిగిస్తాను.

ప్లేటు సంగతి ఎత్తగానే సిస్టర్ అడ్డం పడింది. "వద్దు మేడమ్ వద్దు. పిల్లలు అన్నం తినేటప్పుడు తీసి కాగితంలో చుడతారు, కాగితం పారేస్తారు. కిందటేడు ఒకాయన కుక్క నోట్లోంచి లాక్కొచ్చాడు, మర్చిపోయారా?" మర్చిపోలేదు. ప్లేటు పక్కన పెట్టేశాను.

మిగిలినవి రెండు. నా మొగ్గు స్క్రూ వైపు. స్ప్రింగు నెమ్మది. పైగా అది ఎముకను తెరవడం కన్నా పళ్లను బయటికి వంచడమే ఎక్కువ చేస్తుంది. స్క్రూ అయితే అతుకు దగ్గరే ఎముక విడుతుంది. ఆ సందులో కొత్త ఎముక నిండుతుంది. అదే చెప్పాను.

తల్లి అంతా విన్నది. తర్వాత కూతురితో "సిస్టర్ అత్తను తీస్కపోయి బయట సంచిల ఉన్న మన జామకాయలు ఇయ్యి" అంది. పిల్ల, సిస్టర్ బయటికి వెళ్లారు. టెక్నీషియన్ ఏదో అర్థమైన వాడిలాగా తన గదిలోకి వెళ్లిపోయాడు.

"నాకు కాన్సర్ మేడమ్," అంది. నాకు మంచినీళ్లు కావాలన్నంత మామూలుగా అంది. "హైదరాబాద్‌ల చూసినరు. ఇంక మందులు వద్దన్నరు. దసరా దాకా చూడొచ్చన్నరు. పిల్లకు చెప్పలే. మీకు చెప్పకపోతే ఎట్ల, మీరు లెక్క కట్టుకోవాలె గదా."

ముప్పై ఏళ్లుగా నోళ్లలోకి చూస్తున్న దాన్ని, ఆ క్షణంలో ఎక్కడ చూడాలో తెలియలేదు. సున్నపు నమూనాను చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూర్చున్నాను.

"అట్లయితే స్ప్రింగు పెడదామమ్మా," అన్నాను చివరికి. "కొంచెం ఆలస్యమైతది. కానీ ఇంట్ల ఎవరి మీదా ఆధారపడేది ఉండదు. నెలకోసారి వాళ్ల నాన్న తీసుకొస్తే చాలు."

"స్ప్రింగైతే నేను చేసేది ఏం లేదు?"

"ఏం లేదమ్మా."

"తాళంది అయితే నేను రోజూ దాని నోట్ల చెయ్యి పెట్టాలె."

"అవ్. కానీ మధ్యల ఆగితే కష్టం. అందుకే..."

"తాళందే పెట్టండి మేడమ్."

నేను ఒప్పుకోలేదు. మొండితనానికి కూడా ఒక పద్ధతి ఉండాలి కదా అనిపించింది. తిప్పడం సగంలో ఆగితే దవడ సగంలోనే ఆగుతుందని, కొత్త ఎముక గట్టిపడకముందే పరికరం తీయాల్సొస్తే తెరిచిందంతా మళ్లీ మూసుకుపోతుందని, పిల్ల పడ్డ నొప్పంతా వృథా అని గట్టిగానే చెప్పాను. ఆమె తల వంచుకుని విన్నది. తర్వాత తన రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించింది. సూదులు గుచ్చి గుచ్చి నల్లబడ్డ చేతులు, సన్నగా వణుకుతున్నాయి.

"వంట అత్తమ్మ చేస్తది. జడ వాళ్ల మేనత్త వేస్తది, నేను అల్లితే ఊడిపోతున్నది. బట్టలు పిండే బలం లేదు. బడికి టిఫిన్ డబ్బా కూడ వాళ్ల నాన్నే సర్దుతడు. పొద్దంతా మంచం మీద పండుకుని చూస్తుంట, నా బిడ్డకు నేను చేసే పని ఒక్కటి లేదు మేడమ్. ఒక్కటి కూడ. గింత తాళంచెవి తిప్పే బలమైతే ఉంటది. ఇదొక్కటి నాకియ్యండి."

ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. మీలో కొందరు అనుకుంటారు, పేషెంటు పిల్ల కదా, తల్లి కాదు కదా, పిల్లకు ఏది మంచిదో అదే చేయాలి కదా అని. నేనూ అదే అనుకున్నాను. అనుకుని లెక్క వేశాను. ఎముక లెక్కలో స్క్రూయే మేలు. దసరా లెక్కలో స్ప్రింగు మేలు. తిప్పడం కొన్ని వారాల పనే, ఆ తర్వాత పరికరం నోట్లో ఊరికే ఉంటే చాలు. ఆ కొన్ని వారాలు ఆమె ఉంటుందా, లేకుంటే ఆ దుఃఖంలో ఇంట్లో ఇంకెవరికి ఈ తాళంచెవి గుర్తుంటుంది? చెప్పడానికి నేనెవర్ని? సాయంత్రం బస్సు ఎక్కే ముందు టెక్నీషియన్‌ను పిలిచి స్క్రూ చేయమన్నాను. ఎందుకని అడగలేదు. "మంచిది మేడమ్" అన్నాడు, ఆయన అట్లా ఒక్క మాటతో ఊరుకోవడం నేను అరుదుగా చూశాను.

తర్వాతి గురువారం అతికించాం. తాళంచెవి అంటే ఏ పెద్ద తాళానిదో అనుకోకండి. గుండుసూది కన్నా కాస్త లావుండే తీగముక్క, ఒక కొన మడిచి ఉంటుంది. చేయి జారితే పిల్లలు మింగేస్తారు. అందుకని దారం కట్టి ఆ దారాన్ని తిప్పేవాళ్ల మణికట్టుకు చుట్టుకోమంటాం. ఆమె అట్లా చేయలేదు. మెడలోంచి పుస్తెలతాడు పైకి తీసింది. మన ఆడవాళ్ల పుస్తెలతాడు మీకు తెలుసు కదా, సగం ఇల్లు దానికే వేలాడుతుంది. రెండు పిన్నీసులు, ఒక బీరువా తాళంచెవి ఉన్నాయి. వాటి పక్కన మా తీగముక్కను కూడా ముడి వేసుకుంది.

టెక్నీషియన్ పిల్ల వైపు వంగి, కళ్లు పెద్దవి చేసి, తన మామూలు పరాచికం ఆడాడు. "చూడు బిడ్డా, ఈ మరకు లోకంల ఇదొక్కటే చెవి. ఇది పోయిందో, ఇంక నీ నోరు బ్రహ్మదేవుడు కూడ తెరవలేడు. అమ్మను జాగ్రత్తగ పెట్టుకొమ్మను."

అందరికీ ఇదే చెప్పేవాడు. తాళంచెవులు పారేసుకోకుండా ఉండడానికి. నిజానికి ఆయన సొరుగులో ఒక పాత బిస్కెట్ల డబ్బా నిండా అవే ఉండేవి. పిల్ల నవ్వలేదు. అమ్మ మెడ వైపు చూసి, బుద్ధిగా తల ఊపింది.

రెండు వారాల తర్వాత వచ్చారు. నోరు తెరిపించి చూసి ఉలిక్కిపడ్డాను. పై ముందు పళ్లు రెంటి మధ్య సందు పడింది. పడాలి, పడితేనే ఎముక విడిందని గుర్తు. కానీ అప్పటికి పడాల్సిన దానికి అది బాగా పెద్దది. అంగిలి ఎర్రగా వాచి ఉంది.

నేను నోరు విప్పేలోపే సిస్టర్ అందుకుంది. "ఏమిటమ్మా ఇది? రోజుకొక్క తిప్పు అని చిలక్కి చెప్పినట్టు చెప్పామా లేదా? ఎన్ని తిప్పావు? పసిదాని నోరనుకున్నావా, బావి గిలక అనుకున్నావా? అంత తొందరేం ముంచుకొచ్చింది నీకు?"

తల్లి పిల్ల వైపు ఒకసారి చూసింది. పిల్ల కుర్చీలో కళ్లు మూసుకుని ఉంది. తల్లి సిస్టర్ చేయి పట్టుకుని గది మూలకు తీసుకెళ్లింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు, కొన్ని ముక్కలు తప్ప. "...ఒంట్ల బాగున్న రోజు రెండు తిప్పిన... రేపు లేస్తనో లేదో తెల్వదు గదక్కా..."

సిస్టర్ వెనక్కి వచ్చి పిల్ల గదుమ తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. ఆ రోజు ఇంకెవర్నీ తిట్టలేదు.

నేను తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాను. ఎముక మన తొందర వినదమ్మా, లాగితే తెగుతుంది కానీ పెరగదు, కొన్నాళ్లు ఆపి మళ్లీ రోజుకొక్కటే తిప్పు, అన్నాను. సరే అంది. పిల్ల అద్దం అడిగి తీసుకుని తన సందు చూసుకుంది. దాంట్లోంచి నాలుక కొన బయటికి పెట్టి తల్లికి చూపించింది. "అమ్మా, గేటు తీసినవ్ చూడు," అంది. తల్లి నవ్వింది. ఆమె నవ్వు నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత గోదావరి వచ్చింది. ప్రతి ఏడూ వచ్చేదే, ఆ ఏడు కాస్త ఎక్కువ వచ్చింది. రోడ్ల మీద నీళ్లు నిలిచి బస్సులు ఆగిపోయాయి, ఒక గురువారం నేను పోలేదు, మరో గురువారం పేషెంట్లు రాలేదు. నీళ్లు తీశాక కూడా వాళ్లు రాలేదు. వానలు వెనకబట్టాయి. సిస్టర్ ప్రతి వారం అపాయింట్‌మెంట్ల పుస్తకం వైపు చూసి ఊరుకునేది. ఫోన్ చేయమని నేను అనలేదు, చేస్తానని ఆమె అనలేదు.

దసరా ఇంకా రానేలేదు. ఒక గురువారం పిల్ల తండ్రి, నానమ్మ, పిల్ల వచ్చి వరండాలో నిలబడ్డారు. తండ్రికి గుండు. అడగాల్సింది ఏమీ లేదు.

నానమ్మే మాట్లాడింది. ముసలామె కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. "డాక్టరమ్మా, పెద్దకర్మ అయిపోయింది. మా కోడలు సుమంగళిగ పోయింది, పసుపు కుంకాలతోటి సాగనంపినం. పోయినామె పోయింది, ఇప్పుడు ఇది పోయేటట్టున్నది. పిల్ల మెతుకు ముట్టట్లేదు. నీళ్లు, మజ్జిగ, అంతే. అన్నం ముద్ద నోటి దగ్గరికి తీస్కపోతే పండ్లు కరిచి పెట్టుకుంటున్నది. ఆ నోట్ల ఇనుము ఉన్నదే, దాంతోనే. తీసి పారేయండమ్మా, మీకు దండం పెడత."

పిల్లను చూశాను. చెంపలు లోపలికి పోయాయి. పెదవులు బిగించి ఉంది.

"కొన్ని రోజులు ఆగితే..." అన్నాను.

"ఏం ఆగుడు మేడం గారూ," అన్నాడు తండ్రి. అప్పటిదాకా గోడ వైపు చూస్తున్నవాడు ఇటు తిరిగాడు. "వంకర ఉంటే ఉండనీ. వంకర మూతితోనన్న బతుకుతది. ఒకదాన్ని ఇప్పుడే అగ్గిల పెట్టొచ్చిన. ఇంకొకదాన్ని పెట్టమంటరా?"

చెప్పండి. మీ పుస్తకాల్లో దీనికేముంది? ఎముక ఇంకా గట్టిపడలేదు. ఆ పరికరం ఆ రోజు తీస్తే కొన్ని వారాల్లో అంతా మొదటికి వస్తుంది. ఆ వణికే చేతులు చేసిన పనంతా పోతుంది. తీయకపోతే పిల్ల తినదు. నేను తీసే పనిముట్టు చేతిలోకి తీసుకున్నాను. తీసేవాళ్లమే, అందులో దాపరికం లేదు.

"నోరు తెరువు నాన్నా. తీసేస్తాను," అన్నాను.

పిల్ల తెరవలేదు. తల అడ్డంగా ఊపింది. సిస్టర్ బుజ్జగించింది, నానమ్మ బతిమాలింది. ఊహూఁ. రెండు చేతులతో మూతి మూసుకుంది. ఆ చేతుల కిందినుంచే ఏదో అంది, ఎవరికీ వినపడలేదు. సిస్టర్ మోకాళ్ల మీద కూర్చుని చెవి దగ్గరగా పెట్టింది.

"చెవి అమ్మతోనే పోయింది," అంది పిల్ల.

నానమ్మకు ముందు అర్థం కాలేదు. "ఏం చెవి?" అంది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్లు శవానికి స్నానం చేయించి, పసుపు రాసి, కొత్త చీర కట్టి, మెడలో బంగారం తీసుకుని, పసుపుతాడు మాత్రం అట్లాగే ఉంచి పంపారట. తాడుకున్న పిన్నీసుల మధ్య తీగముక్కను ఎవరు చూస్తారు? చూసినా అదేమిటో ఎవరికి తెలుసు? తెలిసింది ఒక్క పిల్లకే. పాడె ఎత్తుతుంటే పిల్ల చూసింది. ఇంటెడు మంది పెద్దవాళ్లు గుండెలు బాదుకుని ఏడుస్తుంటే, నా తాళంచెవి ఇవ్వండని ఆ పసిది ఎట్లా అడుగుతుంది?

అడగలేదు. లోకంలో అదొక్కటే తాళంచెవి అని ఆ పిల్ల నమ్మింది. ఇంక తిప్పడం కుదరదు. నమిలితే దవడ కదులుతుంది, కదిలితే అమ్మ తీసిన గేటు మూసుకుపోతుంది. అందుకని పళ్లు కదపకుండా బిగబట్టి కూర్చుంది, అమ్మ పోయిన రోజు నుంచీ.

ఇదంతా సిస్టర్ ఒక్కొక్క మాటా అడిగి రాబట్టింది. టెక్నీషియన్ గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. గిర్రున తిరిగి లోపలికి పోయాడు. సొరుగు లాగిన చప్పుడైంది. బిస్కెట్ల డబ్బా తెచ్చి పిల్ల ముందు బల్ల మీద బోర్లించాడు. తీగముక్కలు గలగలా పడ్డాయి, కొన్ని నేల మీద కూడా పడ్డాయి.

"అబద్ధం చెప్పిన బిడ్డా," అన్నాడు. "అన్నిటికీ ఒక్కతీరుదే చెవి. ఇగో, చూడు. ఎన్ని కావాల్నో తీస్కో."

పిల్ల చేతులు మూతి మీంచి దింపింది. "ఇన్నున్నయా?" అంది. ఒకటి తీసి చూసింది, కింద పెట్టింది, ఇంకోటి తీసింది. అమ్మ మెడలో ఉన్నదాన్ని వెతుకుతున్నట్టు ఉంది ఆ తీయడం. చివరికి ఒకటి పట్టుకుంది.

"నేను తిప్పనా తల్లీ?" అన్నాడు తండ్రి. చేయి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు, చొక్కాకు తుడుచుకున్నాడు. "చేనుకు పురుగుల మందు కొట్టే చేతులు మేడం గారూ. కడిగినా వాసన పోదు," అన్నాడు నాతో.

"నాకు వస్తది నాన్నా. అద్దం పట్టుకో," అంది పిల్ల.

తండ్రి అద్దం పట్టుకున్నాడు. పిల్ల నోరు తెరిచింది. తలను కొంచెం వెనక్కి వంచి, తాళంచెవిని మరలో దూర్చి, ముందు నుంచి వెనక్కి మెల్లగా, సరిగ్గా ఒక్క తిప్పు తిప్పి బయటికి తీసింది. నేను ఎంతోమంది డాక్టర్లకు నేర్పాను, అంత నెమ్మదిగా తిప్పినవాళ్లు తక్కువ.

"ఎవరు నేర్పిండ్రు?" అన్నాను.

"అమ్మకు చెయ్యి వణికిన రోజు నేనే తిప్పుకుంటుండె. అమ్మ అద్దం పట్టుకుంటుండె."

సిస్టర్ తన టిఫిన్ డబ్బాలోంచి ఉప్మా తీసి పెడితే పిల్ల తిన్నది. మెల్లగా, ఒక పక్కనే నములుతూ, డబ్బా ఖాళీ అయ్యేదాకా తిన్నది. అప్పుడు ఏడ్చింది. తల్లి పోయాక పిల్ల ఏడవడం అదే మొదలని తర్వాత తండ్రి చెప్పాడు.

నాకు ఇప్పటికీ ఒక సందేహం ఉంది. "నేను చేసే పని ఒక్కటి లేదు, ఇదొక్కటి నాకియ్యండి" అని అడిగిన తల్లి, ఆ ఒక్క పనినీ కూతురికి ఎప్పుడు అప్పజెప్పింది? చేయి వణికి ఇచ్చిందా, చేయి వణికినట్టు చేసి ఇచ్చిందా? అడగడానికి ఆమె లేదు. టెక్నీషియన్ మాత్రం ఆ తర్వాత ఎవరికీ ఆ పరాచికం ఆడలేదు. ప్రతి తల్లికీ రెండు తాళంచెవులు ఇచ్చేవాడు.

మిగిలిన తిప్పులు పిల్లే తిప్పుకుంది. మిరప ఏరే రోజులు వచ్చి పోయాయి, ఎండలు ముదిరాయి. ప్రతి నెలా తండ్రి తెచ్చేవాడు. దవడ మధ్యకు వచ్చింది. నవ్వితే గదుమ పక్కకు పోవడం లేదు. ఇక పరికరం తీసే రోజు వచ్చింది. తీశాను, అంగిలి శుభ్రం చేశాను, అద్దం చేతికిచ్చాను. ఇట్లాంటి రోజున పిల్లలు ఎగిరి గంతేస్తారు. నాకు కూడా కాస్త గర్వంగానే ఉంటుంది.

పిల్ల అద్దంలో చాలాసేపు చూసుకుంది. గదుమను కాదు, ముందు పళ్లను. మధ్యన ఉన్న సందు అప్పటికి దారం దూరేంతకు వచ్చింది. అది మంచి లక్షణం. ఎముక నిండే కొద్దీ ఆ రెండు పళ్లూ వాటంతట అవే దగ్గరికి జరుగుతాయి.

"మేడమ్, ఇది మొత్తం మూసుకుంటదా?"

"మూసుకుంటది. ఇంకో నెలల. చక్కగ ఉంటది చూడు."

"మూసుకోకుండ ఏదన్న పెట్టొచ్చా?"

పెట్టొచ్చు. పళ్ల వెనక చిన్న తీగ అతికిస్తే ఆ సందు అట్లాగే నిలిచిపోతుంది. పావుగంట పని.

"ఎందుకు నాన్నా?" అన్నాను, తెలిసీ.

"అమ్మ తీసింది గదా."

ఇన్నేళ్లలో నేను ఎన్నో పరికరాలు తూచి చూశాను. ఇదిగో ఇది ఒకటి తూచలేకపోయాను. పెడితే ఆ పిల్ల ప్రతిరోజూ అద్దంలో అమ్మను చూసుకుంటుంది. పెడితే ఆ రెండు పళ్లూ ఎదిగే దారికి అడ్డం. తండ్రి వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. సిస్టర్ కిటికీ వైపు తిరిగిపోయింది.

"సందు అమ్మ చేసిన పని కాదు బిడ్డా," అన్నాను. "అది పని నడుస్తుంటే పడ్డ గుర్తు, అంతే. అమ్మ చేసిన పని పైన ఉన్నది. అంగిట్ల. ఇదివరకు నీ నాలుక పట్టనంత ఇరుకుండె అక్కడ. ఇప్పుడు ఇనుము లేదు, తడిమి చూసుకో. అక్కడ పెరిగిన ఎముక నీదే. అది ఇంక మూసుకోదు. నువ్వు ముసలిదానివైనా మూసుకోదు."

పిల్ల నోరు మూసింది. లోపల నాలుక కదలడం బుగ్గ మీద తెలుస్తూ ఉంది, ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఇటు. కళ్లు మూసుకుంది. కొలత కోసం అచ్చు తీయాల్సి ఉంది, అచ్చు పిండి కలిపి సిస్టర్ నిలబడే ఉంది, పిండి గట్టిపడిపోతూ ఉంది. వరండాలో జనం ఉన్నారు.

నేను నోరు తెరవమనలేదు.